పైడమ్మ క్యాలెండరు

పైడమ్మది విశాఖపట్నం. జ్ఞానాపురంలో ఉంటుంది. రేవుకి దగ్గర. రోజూ తెల్లారి గడప తుడుస్తుంది. గుడ్డకి నల్లటి దుమ్ము అంటుకుంటుంది.

ఆమె మనవరాలికి ఆరేళ్లు. దీపావళి వెళ్లిందంటే పిల్లకి దగ్గు మొదలు. రాత్రిళ్లు ఊపిరాడదు. గుండెల్లో పిల్లికూతలు.

"మంచు పడలేదు వదినా పిల్లకి" అంది పొరుగింటి అప్పలమ్మ.

తలకి గుడ్డ కట్టారు. మిరియాల కషాయం పట్టారు. తగ్గలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లారు. "ఇది ఉబ్బసం. ఏ నెలల్లో ఎక్కువమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. పైడమ్మ సరిగా చెప్పలేకపోయింది.

అప్పటికి పైడమ్మ చదువు నేర్చుకుంది. ఇంటికొచ్చి క్యాలెండరు పక్కన పెన్సిలు కట్టింది. పిల్ల దగ్గిన రోజున 'ద' అని రాసింది. అలా ఏడాది రాసింది.

వానాకాలం పేజీల్లో 'ద'లు తక్కువ. డిసెంబరు, జనవరి పేజీల నిండా 'ద'లే.

క్యాలెండరు పట్టుకుని మళ్లీ వెళ్లింది. "ఏటమ్మా ఇది? ఫ్యాక్టరీలు, లారీలు ఏడాదంతా నడుస్తాయి గదా. పొగ చలికాలమే వస్తాదా?" అని అడిగింది.

"పొగ ఎప్పుడూ ఉంటుంది. చలికాలంలో అది పైకి పోదు" అంది డాక్టరమ్మ.

గాలికి మూత

విశాఖకి ఉత్తరాన సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ. తూర్పున సముద్రం. కొండల నడుమ ఊరు గిన్నెలాగా ఉంది. 1933లో ఇక్కడ ఓడరేవు మొదలైంది. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. లారీలు పెరిగాయి. బొగ్గు దుమ్ము, బళ్ల పొగ, రోడ్ల దుమ్ము అన్నీ ఈ గిన్నెలోనే.

ఎండాకాలంలో నేల వేడెక్కుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది. పొగనీ తీసుకుపోతుంది. పగలు సముద్రపు గాలి వీస్తుంది. వానాకాలంలో వాన దుమ్ముని కిందికి దించేస్తుంది.

చలికాలం రాత్రి వేరు. నేల తొందరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి కూడా చల్లబడుతుంది. చల్లగాలి బరువు. అది పైకి లేవదు. దాని పైన వెచ్చని గాలి పొర ఉంటుంది. గిన్నె మీద మూత పెట్టినట్టే. గాలి వీచడమూ తగ్గుతుంది. పొగ లోపలే ఉండిపోతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక మూత తెరుచుకుంటుంది.

కాబట్టి తెల్లారి కనిపించేదంతా మంచు కాదు. అందులో పొగా ఉంది. చలికి దగ్గు వస్తుంది. పొగ తోడైతే ఇంకా పెరుగుతుంది. పొగలోని సన్నని నుసి వెంట్రుకలో 30వ వంతు మందం కూడా ఉండదు. ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది.

ఏం చేయాలి?

* చలికాలం పొద్దున్నే చెత్త, ఆకులు తగలబెట్టకూడదు.
* పొడి చీపురుతో దుమ్ము లేపకూడదు. తడిగుడ్డతో తుడవాలి.
* కట్టెల పొయ్యి ఉంటే పొగ బయటికి పోయే దారి ఉండాలి.
* ఉబ్బసం ఉన్న పిల్లల్ని పొద్దెక్కాక ఆటకి పంపాలి.
* డాక్టరు ఇచ్చిన పీల్చే మందు సొంతంగా మానకూడదు.
* పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గాలి ఎలా ఉందో చెప్పే అంకె ఒకటుంది. మన దేశంలో 2015 నుంచి ఇస్తున్నారు. ఫోనులో చూడొచ్చు. 50 లోపు మంచి గాలి. 100 దాటితే ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇబ్బంది. 200 దాటితే చెడ్డ గాలి.

ఇప్పుడు పైడమ్మ ఆ అంకె కూడా క్యాలెండరు మీద రాస్తోంది. పిల్లకి మందు వేళకి ఇస్తోంది. కానీ గడప మీద దుమ్ము ఆగలేదు. అది ఒక్క ఇంటి పని కాదు.

వీధిలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ రాశారు. బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లాలి. లారీల మీద పట్టాలు కప్పాలి. ఇవీ వాళ్లు అడిగినవి. క్యాలెండరు కాగితాలు కూడా జత చేశారు.

"వేలిముద్ర వెయ్యనా?" అంది అప్పలమ్మ.

"నీ పేరు నీకొచ్చు గదా వదినా" అని పెన్ను ఇచ్చింది పైడమ్మ.

చెప్పండి – రాయండి

1. చలికాలంలో పొగ పైకి ఎందుకు పోదు?
2. మీ వీధిలో పొగ ఎక్కడినుంచి వస్తోంది?
3. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా? ఏ నెలల్లో ఎక్కువ? క్యాలెండరు మీద రాయండి.