రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా? బటన్ ఎవరు నొక్కారు?

ప్రశ్న: దుబాయ్‌లో మా కోడలికి గాజులు కొన్నాం. కౌంటర్ దగ్గర కుర్రాడు ‘రూపాయల్లో కట్టేయండి, మీకు లెక్క తేలిక’ అంటూ మిషన్ మీద తనే బటన్ నొక్కేశాడు. హోటల్‌కు వచ్చి లెక్క చూసుకుంటే ఆ రోజు రేటు కన్నా బాగా ఎక్కువ పడింది. ఆ తర్వాత స్టేట్‌మెంట్‌లో మరో ఛార్జీ, దాని మీద జీఎస్టీ. బ్యాంకుకు ఫోన్ చేస్తే అంతా రూల్స్ ప్రకారమే అంటున్నారు. ఇక ఇంతేనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇంతే కాదు. అయితే మీ బిల్లులో ఉన్నవి రెండు వేర్వేరు వడ్డనలు, వాటిని ముందు విడదీసి చూడాలి. మొదటిది దుకాణం వైపు నుంచి వచ్చింది. రెండోది మీ బ్యాంకు వేసింది. రెండింటినీ కలిపి ‘మోసం జరిగింది’ అని ఒకే ఫిర్యాదు రాస్తే, బ్యాంకు ‘దుకాణాన్ని అడగండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

విదేశీ దుకాణంలో మిషన్ ‘రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా’ అని అడుగుతుంది. ఈ ఏర్పాటును డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటును మీ బ్యాంకుగానీ, వీసా, మాస్టర్‌కార్డ్‌లుగానీ నిర్ణయించవు. దుకాణం వైపు ఉన్న సంస్థ తన లాభం కలుపుకుని రేటు కడుతుంది. స్థానిక కరెన్సీ ఎంచుకుంటే వీసా లేదా మాస్టర్‌కార్డ్ రేటు వర్తిస్తుంది. దాని మీద మీ బ్యాంకు మార్కప్ వేసుకుంటుంది. చాలా క్రెడిట్ కార్డులకు ఇది మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. అసలు మార్కప్పే లేని కార్డులూ ఉన్నాయి.

‘రూపాయల్లో కడితే మార్కప్ తప్పుతుంది కదా’ అని చాలామంది అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. విదేశీ దుకాణంలో రూపాయల్లో జరిగిన లావాదేవీ మీద కూడా చాలా బ్యాంకులు ఒక శాతం వరకు రుసుము, దాని మీద జీఎస్టీ తీసుకుంటున్నాయి. లెక్క కోసం దిర్హమ్ 24 రూపాయలు అనుకుందాం. రెండు వేల దిర్హమ్‌ల వస్తువు ధర 48,000. దుకాణం రేటు ఐదు శాతం ఎక్కువైతే 50,400 అవుతుంది. బ్యాంకు రుసుము, జీఎస్టీ కలిపి మరో 595. మొత్తం 50,995. అదే దిర్హమ్‌లలో కట్టి, మూడున్నర శాతం మార్కప్, జీఎస్టీ భరించినా 49,982తో పోయేది. తేడా వెయ్యి రూపాయలు. మార్కప్ లేని కార్డయితే తేడా మూడు వేలు. ఇల్లు కదలకపోయినా ఈ ఒక శాతం తగలవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని రూపాయల్లోనే హోటల్ బుక్ చేసినా, డబ్బు తీసుకునే సంస్థ విదేశంలో నమోదై ఉంటే చాలు.

ఇక హక్కుల సంగతి. రూపాయల్లోకి మార్చాలంటే ముందు కొనుగోలుదారును అడగాలి, రేటు చూపాలి, ఎంపిక అతనికే వదలాలి. ఇది వీసా, మాస్టర్‌కార్డ్ దుకాణాలకు పెట్టిన నిబంధనే. కుర్రాడు తనే బటన్ నొక్కాడంటే మీ సమ్మతి తీసుకోనట్టే. కానీ దాన్ని చూపించాలి కదా. స్లిప్ ఉందా? రూపాయల మొత్తం, దిర్హమ్‌ల మొత్తం, మారకం రేటు దాని మీదే ఉంటాయి. ‘నాకు ఎంపిక ఇచ్చారు, రూపాయలు ఎంచుకున్నాను’ అనే అర్థం వచ్చే వాక్యం కూడా చాలాసార్లు అచ్చయి ఉంటుంది. దాని కింద మీరు సంతకం చేసి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది, దాచి చెప్పడం ఎందుకు? సంతకం లేకపోతే, లేదా ట్యాప్ చేసి వచ్చేస్తే, అవకాశం బాగానే ఉంది. సంతకానికి ముందే రూపాయలు కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయించి దిర్హమ్‌లలో మళ్లీ కొట్టమనండి. ఆ మాట అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు చేయాల్సింది ఫోన్ కాదు, రాతపూర్వక ఫిర్యాదు. ‘నా సమ్మతి లేకుండా కరెన్సీ మార్చారు. ఛార్జ్‌బ్యాక్ కోరుతున్నాను’ అని తేదీ, మొత్తం, స్లిప్ ఫొటోతో బ్యాంకుకు ఈమెయిల్ పంపండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఛార్జ్‌బ్యాక్‌కు, అంటే బ్యాంకు ద్వారా దుకాణం నుంచి సొమ్ము వెనక్కి రప్పించుకోవడానికి, కార్డు నెట్‌వర్కుల గడువులుంటాయి. అవి దాటితే బ్యాంకు తలచుకున్నా చేయగలిగింది ఉండదు. కాబట్టి పండగ వెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు.

రెండో వడ్డన, అంటే బ్యాంకు రుసుము మీద మీ హక్కు ఇంకా స్పష్టం. కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని ఛార్జీని వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు ఆదేశాలు చెబుతున్నాయి. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు తెలియజేయాలి, గతానికి వర్తింపజేయకూడదు. బిల్లు తప్పని మీరు అభ్యంతరం చెబితే 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలి, అవసరమైన చోట పత్రాలూ చూపాలి. అందుకని ‘ఈ రుసుము ఏ నిబంధన కింద వేశారు, నాకు ఎప్పుడు తెలియజేశారు?’ అని అడగండి. కాల్ సెంటర్‌లో రూల్స్ అన్నవాళ్లు ఆ రూల్ ఎక్కడుందో కాగితం మీద పెట్టాల్సి వస్తుంది. నియమాల పత్రంలో ఆ ఒక శాతం నిజంగానే ఉంటే ఈ సొమ్ము మీద పట్టుబట్టి లాభం లేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. వివరాలకు 14448 నంబరు ఉంది. వినియోగదారుల కమిషన్ మరో దారి. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉందని అక్కడికి పరుగెత్తక్కర్లేదు. గడువు రెండేళ్లు. వెయ్యి రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కాలా అన్నది మీ ఓపికను బట్టి. నేనైతే ముందు అంబుడ్స్‌మన్ దారే చూడమంటాను. దుబాయ్ దుకాణం మీద నేరుగా ఇక్కడ కేసు నడపడం మాత్రం కాగితం మీద కనిపించినంత సులువు కాదు.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నష్టం వేలల్లో కాక లక్షల్లో జరిగేది అక్కడే. విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ లేకుండానే, కార్డు వివరాలతోనే డబ్బు లాగేయడం చాలాచోట్ల సాధ్యం. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల అనధికార లావాదేవీ జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీ బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే పరిమితి మేరకు భరించాలి. అది దాటితే బ్యాంకు విధానమే దిక్కు. తప్పు మీదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే. పిల్లల దగ్గరికి డల్లాస్ వెళ్లిన తల్లిదండ్రులు ఇక్కడి సిమ్ తీసి పెట్టెలో పడేసి, అక్కడి నంబరు వాడుతుంటారు. ఎస్సెమ్మెస్ వచ్చినా చూసేవాళ్లుండరు. బయల్దేరే ముందు ఈమెయిల్ అలర్టులు పెట్టించుకోండి. యాప్‌లో విదేశీ వాడకాన్ని అవసరమైనప్పుడే ఆన్ చేసుకుని, పరిమితి తగ్గించుకోవచ్చు. ఆ సౌకర్యం ఇవ్వాలని 2020లోనే బ్యాంకులను ఆదేశించారు.

ఏటీఎం విషయంలో ఒక అపోహ. డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఐదు రోజుల తర్వాత రోజుకు వంద రూపాయల పరిహారం వస్తుందని అందరూ చెబుతుంటారు. 2019 నాటి ఆ నియమం దేశంలో జరిగే లావాదేవీలకే. బ్యాంకాక్ ఏటీఎంలో జరిగితే అది అడగలేరు, మామూలు ఫిర్యాదు దారే. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ రెండు వందల బాత్‌లకు పైగా తీసుకుంటాయి. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. క్రెడిట్ కార్డు వడ్డీకి వినియోగదారుల జాతీయ కమిషన్ పెట్టిన 30 శాతం హద్దును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా.

ఫారెక్స్ కార్డు కొనేవాళ్లు ఏ కరెన్సీ నింపారో చూసుకోవాలి. డాలర్లు నింపిన కార్డుతో బాత్‌లలో ఖర్చు పెడితే మళ్లీ మారకపు ఛార్జీ పడుతుంది. తిరిగొచ్చాక మిగిలిన విదేశీ ధనంలో రెండు వేల డాలర్ల వరకు ఉంచుకోవచ్చు, అంతకు మించినది 180 రోజుల్లోపు అప్పగించాలి.