రైతు ఎదురుగా కూర్చున్నాడు, పేజీ తెరుచుకోదు

సమస్య

అక్కా,

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక, రైతులకు విత్తనాలు, ఎరువులు ఇచ్చి పంట కొనే ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో చేరాను. హెడ్డాఫీసు బెంగళూరులో ఉంది. రైతుల ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం, బిల్లులు కొట్టడం నా పని. కౌంటర్లో ఉండేది నేనే కాబట్టి రైతులు అన్నీ నన్నే అడుగుతారు. "పదునైంది, మళ్లీ వానుందా, విత్తనం వేయమంటావా అమ్మా?" అంటారు.

మా ఆఫీసు ఇంటర్నెట్‌లో యూట్యూబ్ రాదు, వాట్సాప్ వెబ్ రాదు. వాన మ్యాపులు చూపించే సైటు ఒకటి కూడా ఆగిపోతుంది. ఆగస్టులో ఒక పెద్దాయన శెనక్కాయ చెట్టును వేళ్లతో సహా పీక్కొచ్చి నా బల్ల మీద పెట్టాడు. మొవ్వ మాడిపోయి ఉంది, కాడ మీద గోధుమరంగు చారలున్నాయి. "ఇదేం తెగులో చూడమ్మా" అన్నాడు. శాస్త్రవేత్తలు చేసిన తెలుగు వీడియో ఒకటి దొరికింది. నొక్కితే ఎర్ర పేజీ వచ్చింది: "స్ట్రీమింగ్ మీడియా. అనుమతి లేదు." నా ఫోన్లో చూద్దామంటే లోపల సిగ్నల్ ఉండదు. పక్క సీటు అబ్బాయి నా బ్రౌజర్‌లో ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసిచ్చాడు. అప్పట్నుంచి అన్నీ తెరుచుకున్నాయి, రైతులకు చూపించాను. భోజనాల వేళ సీరియల్ కూడా చూశాను, అబద్ధం చెప్పను.

ఇప్పుడు బెంగళూరు నుంచి మెయిల్ వచ్చింది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్ ఎందుకు వాడారో సంజాయిషీ రాయాలట. "తీసేసి, నాకేమీ తెలీదని రాసెయ్" అంటున్నాడు ఆ అబ్బాయి. నాన్న వేసిన పంట ఈసారీ అంతంత మాత్రమే. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఏం చేయమంటారు?

ఒక చెల్లి, అనంతపురం జిల్లా

సలహా

చెల్లెమ్మా,

ముందు సంజాయిషీ సంగతి చూద్దాం. నీకేమీ తెలీదని రాయొద్దు. ఏ కంప్యూటర్ నుంచి ఏ రోజు, ఏ గంటకు, ఎటు వెళ్లారో ఆఫీసు ఫైర్‌వాల్ రాసి పెట్టుకుంటుంది. నువ్వు ఎక్స్‌టెన్షన్ తీసేసినా ఆ రికార్డు పోదు. చేసిన పనిని క్షమించే మేనేజర్ దొరకొచ్చు గానీ, చేసి లేదన్న మనిషికి మళ్లీ రైతుల ఖాతాలు అప్పగించే మేనేజర్ దొరకడం కష్టం. ఆ అబ్బాయి పేరు నువ్వుగా రాయక్కర్లేదు. అడిగితే మాత్రం దాచొద్దు.

నీ ఉద్దేశం మంచిదే. అయినా ఆ వీపీఎన్ పని తప్పే అంటాను, ఎందుకో విను. ఎక్స్‌టెన్షన్ వేసేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. నువ్వు తెరిచే అన్ని వెబ్‌సైట్లలోని డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అని అందులో రాసి ఉంటుంది. మనం చదవకుండా సరే అని నొక్కేస్తాం. అదే బ్రౌజర్‌లో నువ్వు రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు తెరుస్తున్నావు. ఉచితంగా ఇచ్చినవాళ్లు ఎవరో, వాళ్ల కంప్యూటర్లు ఏ దేశంలో ఉన్నాయో నీకూ తెలీదు, నాకూ తెలీదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ప్రజల వివరాలను సరిగా కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. బెంగళూరు వాళ్ల కంగారు ఊరికే పుట్టలేదు. వీపీఎన్ వాడటం మన దేశంలో నేరమేమీ కాదు. కానీ ప్రభుత్వ ఉద్యోగులను సైతం బయటి వీపీఎన్‌లు వాడొద్దని 2022 జూన్‌లో వచ్చిన కేంద్రం మార్గదర్శకాలు చెప్పాయి. మెషీను కంపెనీది, వివరాలు రైతులవి. రెండింటి మీదా మనకు చొరవ తీసుకునే హక్కు లేదు.

అలాగని పెద్దాయన ప్రశ్న చిన్నదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. చెట్టు చూడకుండా అది ఏ తెగులో నేను చెప్పలేను. కానీ నువ్వు రాసిన లక్షణాలు చదవగానే 2000 ఖరీఫ్ గుర్తొచ్చింది. ఆ ఏడు కాండం కుళ్ళు వైరస్ తెగులు మన జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. 300 కోట్ల రూపాయలకు పైగా నష్టమని లెక్క కట్టారు. ఈ తెగులు చూడ్డానికి మొవ్వుకుళ్ళు తెగులు లాగే ఉంటుంది, కానీ దీని వైరస్ వేరు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని శెనక్కాయకు చేరుస్తాయి. చేలో ఎంత మందు కొట్టినా గట్టు మీది వయ్యారిభామ పీకకపోతే బెడద తీరదు. ఇంత తేడా రైతుకు నోటితో చెబితే చాలదు, బొమ్మ చూపించాలి. ఆ వీడియో నీ ఉద్యోగానికి పనిముట్టు. దాన్ని సినిమాలతో కలిపి ఒకే తాళం వేయడం మీ ఆఫీసు ఇంటర్నెట్‌కు ఫిల్టర్ పెట్టినవాళ్ల లోపం.

ఈ లోపం మీ కంపెనీలోనే పుట్టింది కాదు. 2006 జూలైలో కేంద్రం కొన్ని పేజీలను మాత్రమే ఆపమంటే, ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ ఆపేశాయి. అప్పుడప్పుడే తెలుగులో బ్లాగులు మొదలుపెట్టిన వాళ్ల రాతలూ వాటితోపాటే ఆగాయి. 2017 ఆగస్టులో కొత్త సినిమాల పైరసీ మీద వచ్చిన కోర్టు ఉత్తర్వుతో మన దేశంలో ఆర్కైవ్.ఆర్గ్ సైటు ఆగిపోయింది. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ దొరికే చోటు అది. రెండూ కొద్ది రోజుల్లోనే మళ్లీ తెరుచుకున్నాయి, బహిరంగంగా అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి.

నువ్వూ అలాగే అడుగు. ఎర్ర పేజీ వచ్చినప్పుడల్లా ఫోటో తీసి పెట్టుకో. సైటు పేరు, దాన్ని ఏ కోవలో వేశారో అందులో ఉంటాయి, ఐటీ వాళ్లకు కావాల్సింది అదే. ఫిల్టర్ ఒక్కో సైటునూ చదివి తీర్పు చెప్పదు. ముందే తయారైన జాబితాలో ఆ పేరు పక్కన ఏం రాసుంటే దాన్ని పాటిస్తుంది. ఆ జాబితాలో లేని చిన్న సైట్లను చాలాచోట్ల అనుమానంతోనే ఆపేస్తారు. మీ వాన మ్యాపుల సైటుకు అదే జరిగి ఉండొచ్చు. ఫలానా సైటును తప్పుగా వేశారు, సరిచేయండి అని ఫిల్టర్ తయారుచేసే కంపెనీకి అర్జీ పెట్టే వీలుంటుంది. యూట్యూబ్‌ను పూర్తిగా తెరవకుండా, ఎంచిన ఛానెళ్లకే అనుమతి ఇవ్వగల ఫిల్టర్లూ ఉన్నాయి. ఇవన్నీ చేయాల్సింది బెంగళూరు ఐటీ వాళ్లు. కళ్యాణదుర్గం కౌంటర్లో ఏం జరుగుతోందో వాళ్లకు తెలిసేలా రాయడం నీ పని.

సంజాయిషీ ఇలా మొదలుపెట్టు: "నేను అనుమతి లేకుండా వీపీఎన్ వాడిన మాట నిజం. రైతులు తెచ్చిన తెగులు మొక్కలను గుర్తించడానికి మొదలుపెట్టాను, భోజన విరామంలో సొంతానికీ వాడాను. ఇది రైతుల వివరాలకు ప్రమాదమని అప్పుడు ఆలోచించలేదు. మీరు పరీక్షించాక తీసేస్తాను, పాస్‌వర్డులన్నీ మారుస్తాను. నా పనికి కావాల్సిన సైట్ల పట్టిక, ఆగిన పేజీల ఫోటోలు జత చేశాను. వీటికి అనుమతి ఇప్పించగలరు." సీరియల్ సంగతి దాచకపోవడమే నీకు బలం. మిగతా మాటలూ నమ్ముతారు.

అనుమతి వచ్చేదాకా రైతును ఉత్త చేతులతో పంపొద్దు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 కౌంటర్ మీద పెద్ద అక్షరాలతో అంటించు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మొక్కను చూపించాలంటే రేకులకుంట పరిశోధన కేంద్రం, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. సీరియల్ మాత్రం ఇంటికెళ్లాక నీ ఫోన్లో చూసుకో.

ఇది చదివే మేనేజర్లకూ ఒక మాట. కరువు నేల మీద బ్రాంచి తెరిచి, అక్కడ వాన కబురు, తెగులు కబురు తెలిసే సైట్లను ఆపేయకండి. పనికి కావాల్సిన పేజీ ఆగితే ఎవరికి రాయాలో ఒక పేరు, ఒక నంబరు కౌంటర్లో పెట్టండి. అడిగిన రోజే జవాబివ్వండి. ఈ అమ్మాయి నిజం ఒప్పుకుని రాస్తే ఉద్యోగం తీయకండి.