రెండో టేక్ లేని కెమెరా పని

తుని, పరిసరాల్లో ఐటీఐ, డిప్లొమా చేసి డీఆర్‌డీవో సెప్టమ్ పోస్టులకు చదువుతున్నారా? ఇంపాక్ట్ టెస్టులు జరిగే ల్యాబ్‌లో చేరితే హైస్పీడ్ కెమెరా పని మీకు పడొచ్చు. ముందే తెలిసుంటే మంచిది.

2019 మార్చి 27న మిషన్ శక్తిలో మన క్షిపణి దాదాపు 300 కి.మీ. ఎత్తున మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని కూల్చింది. అలా కూల్చినప్పుడు పుట్టే శకలాల్లాంటి వాటి నుంచి వ్యోమనౌకను కాపాడటానికి గోడకు ముందు, కొంత ఎడంగా పలచని అల్యూమినియం ప్లేటు పెడతారు. 1947లో ఫ్రెడ్ విపుల్ చెప్పిన పద్ధతి ఇది. శకలం ప్లేటుకు తగిలి నుజ్జయి, వెనక మేఘంలా విచ్చుకుంటుంది. ఆ ప్లేటు ఎలా పనిచేస్తుందో చూడటానికి నేలమీద లైట్ గ్యాస్ గన్‌తో (తేలిక వాయువు ఒత్తిడితో పేల్చే గన్) చిన్న గుండును పేల్చి ఆ మేఘాన్ని ఫొటో తీయాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడుచోట్ల.

ఎక్స్‌పోజర్: గుండు వేగం సెకనుకు 6 కి.మీ. అంటే మైక్రోసెకనుకు 6 మి.మీ. ఎక్స్‌పోజర్ 1 మైక్రోసెకను పెడితే 3 మి.మీ. గుండు గీతలా పడుతుంది. 10 నానోసెకన్లయితే జరిగేది 0.06 మి.మీ. మాత్రమే.

ట్రిగ్గర్: గుండు దాటడాన్ని పట్టే సెన్సర్ నుంచి ప్లేటుకు 1.2 మీటర్లయితే, అదే వేగానికి కెమెరాకు పెట్టాల్సిన డిలే 200 మైక్రోసెకన్లు. వేగం 5 శాతం తగ్గితే గుండు 10 మైక్రోసెకన్లకు పైగా ఆలస్యంగా వస్తుంది. కెమెరా తీసేది 1 మైక్రోసెకనుకొకటి చొప్పున 16 ఫ్రేములే అయితే, సగానికి పైగా ఖాళీ ప్లేటే కనిపిస్తుంది. అందుకే రెండు సెన్సర్లతో వేగం కొలిచి, అప్పటికప్పుడు డిలే సరిచేసే ఏర్పాటు అడగండి. గన్ మూతి దగ్గరి మెరుపుకే ట్రిగ్గర్ పడిపోకుండా చూసుకోండి.

వెలుగు: గుండు తగలగానే వచ్చే మెరుపు ఫ్రేమును తెల్లగా చేసేస్తుంది. వెనక నుంచి లేజర్ వెలుగు ఇచ్చి, లెన్సు ముందు ఆ రంగును మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెట్టండి.

షాట్‌కు ముందు స్కేలు పెట్టి ఒక ఫొటో తీయండి. అది లేకపోతే ముక్కల సైజు, వేగం కొలవలేరు. పైనుంచి ఎంత తొందర పెట్టినా డ్రై రన్ మానొద్దు. ట్రిగ్గర్ రాలేదంటే రాలేదనే చెప్పండి. ఒరిజినల్ ఫైళ్లు మార్చకండి. రేంజ్‌లోకి సొంత ఫోన్ తీసుకెళ్లకండి, టెస్టు సంగతి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి.

ప్రతి షాట్‌కూ ఎంత డిలే పెట్టారో, ఎందుకు పెట్టారో లాగ్‌బుక్‌లో రాయండి. ఆ లెక్క చూపించగలిగినవాళ్లకే తర్వాతి సెటప్ అప్పగిస్తారు.