మానసిక వైకల్యమున్న బిడ్డకు ప్రభుత్వ సహాయం
(కుటుంబ కూటములలో చదివి చర్చించుకొనే పాఠం)



పోలియో వచ్చిన బిడ్డను చంకనెత్తుకొని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులే, మనస్సుకు జబ్బు చేసిన బిడ్డను ఇంట్లో ఉంచి తలుపు వేస్తారు. చెల్లెలి పెండ్లికి అడ్డం వస్తుందనీ, సంఘంలో నలుగురూ ఏమనుకుంటారోననీ భయం. ఈ భయం వల్ల బిడ్డకు చట్టప్రకారం రావలసినది రాకుండా పోతున్నది. గనుక దానిని ఎలా అడగాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. చట్టం ఏమి చెబుతున్నది?

1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఇందులో 21 రకాలున్నాయి. మానసిక రోగం, బుద్ధిమాంద్యం, ఆటిజం ఇందులో వేర్వేరు. మనం మూడింటినీ ఒకే మాటతో పిలుస్తాం గాని, కాగితం మీద ఆ తేడా చాలా ముఖ్యం. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద లక్ష రూపాయల వరకు ‘నిరామయ’ ఆరోగ్య బీమా, పెద్దవారైన తరువాత సంరక్షకుని నియామకం ఉన్నాయి. ఇవి ఆటిజం, బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికే. మానసిక రోగం ఒక్కటే ఉన్న బిడ్డకు వర్తించవు. రెండు ఇబ్బందులూ ఉన్న యెడల రెండూ రాయమని డాక్టరును అడగండి.

2. వైకల్యాన్ని ఎలా కొలుస్తారు?

జబ్బు పేరును బట్టి శాతం ఇవ్వరు. మానసిక రోగానికి ‘ఐడియాస్’ అనే కొలబద్ద ఉన్నది. తన పని తాను చేసుకోవడం, ఇతరులతో మెలగడం, చెప్పడం–అర్థం చేసుకోవడం, పని లేదా చదువు అనే నాలుగు విషయాలలో ఒక్కొక్కదానికి 0 నుండి 4 మార్కులు వేస్తారు. జబ్బు ఎన్నేండ్లుగా ఉన్నదో దానికీ మార్కులుంటాయి. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం. చాలా సహాయాలకు ఈ 40 శాతమే గడప.

ఇక్కడే మనవారు నష్టపోతారు. డాక్టరు అడిగితే తల్లి, “మావాడు బాగానే ఉంటాడండి, అన్నం తింటాడు” అంటుంది. అన్నం కలిపి ఎదురుగా కూర్చుని గంటసేపు బతిమాలితే తింటాడని చెప్పదు. కొడుకు పరువు కాపాడాలని అన్న ఆ మాటే వాని శాతాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ చేసి చెప్పవద్దు, తక్కువ చేసీ చెప్పవద్దు. ఒక నోటుపుస్తకంలో నెల రోజులు రాయండి: స్నానం ఎవరు చేయించారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, బడికి ఎన్ని రోజులు వెళ్లలేదు. టీచరు చేత ఒక ఉత్తరం రాయించండి. పాత మందుల చీటీలన్నీ దాచండి. ప్రార్థిస్తున్నాం గదా అని మందులు మానిపించకండి.

3. ఎక్కడ అడగాలి?

యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. మీరు నివసించే జిల్లాలోని ప్రభుత్వ వైద్యాధికారి వద్ద గాని, బిడ్డకు చికిత్స జరుగుతున్న ప్రభుత్వ ఆస్పత్రిలో గాని పరీక్ష చేయించుకోవచ్చు. మైనరు బిడ్డ పక్షాన తల్లిదండ్రులే దరఖాస్తు చేస్తారు. సర్టిఫికెట్ తాత్కాలికమైతే దానిపై గడువు ఉంటుంది. అది ముగియకముందే మళ్లీ వెళ్లండి. శాతం అన్యాయమనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

4. ఏమేమి దొరుకుతాయి?

చదువు: 40 శాతం ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. పరీక్షలలో అదనపు సమయం గురించి బడిలో ముందే అడగండి.

పింఛను: కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛను 18 ఏండ్లు నిండి, 80 శాతం ఉన్న బీద కుటుంబాల వారికే. ఒరిస్సాలో మధుబాబు పింఛను, మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ వంటివి రాష్ట్ర పథకాలు, నియమాలు వేర్వేరు. తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

కుటుంబ పింఛను: రైల్వేలోను, కేంద్ర ప్రభుత్వంలోను పనిచేసిన కుటుంబాలు మనలో అనేకం. మనోవైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు, తల్లిదండ్రుల తరువాత జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నియమం ఉన్నది. మీరు బ్రతికి ఉండగానే ఆ పేరు పింఛను పత్రాలలో చేర్పించండి.

5. మనవంటి వలస కుటుంబాలకు ఒక మాట

ఆంధ్రలో వికలాంగ పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైందని విని, అక్కడి బంధువుల ఇంటి చిరునామాతో ప్రయత్నిద్దామని కొందరు అనుకొంటారు. సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది; పింఛను మాత్రం మీరు నివసించే రాష్ట్రానిది. యానాం చుట్టూ ఆంధ్రయే ఉన్నా, అక్కడివారు అడగవలసినది పుదుచ్చేరి ప్రభుత్వాన్నే.

భాష మరొక అడ్డు. ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లి, బిడ్డ బాధను కన్నడంలోనో ఒరియాలోనో పూర్తిగా చెప్పలేదు. సంఘంలో చదువుకున్న యౌవనస్థులు ఆ రోజు వెంట వెళ్లి, ఆమె మాటను ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పాలి. సలహా కొరకు టెలీమానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘంలో ఇటువంటి బిడ్డ ఉన్న ఇల్లు మనకు తెలుసా? చివరిసారి ఎప్పుడు వెళ్లాం?
2. “బాగానే ఉన్నాడు” అనే మాట వల్ల బిడ్డకు కలిగే నష్టమేమిటి?
3. ఆస్పత్రికి తోడు వెళ్లగలవారు మనలో ఎవరు? ఈ వారమే పేర్లు రాసుకోండి.