విత్తనపు రకములు పెక్కైనప్పుడు ఎన్నుకొను విధము

పూర్వము మంచి విత్తనము దొరకకపోవుటయే రైతునకు కష్టము. నేడు రకములు మితిమీరి దొరకుటయు నొక కష్టమైనది. 2002వ సంవత్సరమున మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి లభించినప్పుడు సంకర రకములు మూడే. పది పండ్రెండేండ్లలో అవి వేయికి మించినవి. తొలకరి పడగానే అంగడికి పోయిన రైతు ఏ సంచిని నమ్మవలెను?

వరంగల్లు జిల్లా ప్రత్తి రైతులను పరిశీలించిన గ్లెన్ స్టోన్ అను మానవశాస్త్రజ్ఞుడు 2007లో ఒక వ్యాసము ప్రకటించెను. ఒక యేడు ఊరివారెల్లరు ఒకే రకమునకు ఎగబడుటయు, మరికొంత కాలమునకు దానిని విడిచి వేరొకదాని వెంట పోవుటయు ఆయన గమనించెను. రకములు ఏటేట మారుచుండుటచే, తన నేలకు ఏది తగునో పరీక్షించి తెలిసికొను వ్యవధి రైతునకు లేకపోయెను. "పొరుగువాడు వేసినాడు" అనునదే ఆధారమాయెను.

రకములు హెచ్చుట యెల్లప్పుడును చెరుపు కాదు. ఇట్టి విషయములపై జరిగిన పరీక్షలను 2010లో కలిపి లెక్కింపగా, సగటున భేదము దాదాపు శూన్యమని తేలినది. 2015లో జరిగిన మరియొక పరిశీలన అసలు మర్మమును తెలిపెను: తనకేమి కావలెనో ముందుగా తెలియనివానికిని, పోల్చుట కష్టమైన వస్తువులయందును ఆధిక్యము మిక్కిలి బాధించును. విత్తనపు సంచులు అట్టివే గదా!

కావున మేము చెప్పు క్రమము ఇది. అంగడికి పోకమునుపే మూడు సంగతులు వ్రాసికొనుడు: నేల యెట్టిది, నీరు ఎన్నాళ్లుండును, పంట ఎప్పుడు చేతికి రావలెను. తేలిక చల్క నేలలో వర్షాధారముగా ప్రత్తి వేయువారు దీర్ఘకాలపు రకములను మొదటనే కొట్టివేయవచ్చును. ఇట్లు తీసివేయగా మిగిలినవానిలో, మీవంటి నేలలో రెండేండ్లు పండించినవారు ఎరిగిన రకమును ఎక్కువ భాగమున వేయుడు. క్రొత్తదానిని ఒక మూల కొద్ది సెంట్లలో వేసి, ఫలసాయమును వేరుగా తూచుడు. రసీదును, సంచి చీటిని పంట ముగియువరకు దాచుడు. సంఘ సభ్యులు వేసవిలోనే కూడి ఈ లెక్కలు చదువుకొన్నచో తొలకరినాడు తొందర యుండదు.

అన్నిటిలో మేలైనదే కావలెనని వెదకువారు చాలినంత మేలైనదానితో ఆగువారికంటె ఎక్కువ పశ్చాత్తాపపడుదురని 2002 నాటి యొక పరిశోధన తెలిపినది. విత్తిన పిమ్మట పొరుగువాని సంచిని తలచి నిద్ర చెరుపుకొనుట వలన మొక్క యొక్కటియు పెరుగదు. ఆ శ్రద్ధ కలుపుతీతకును పురుగు కనిపెట్టుటకును వినియోగింపుడు.