తేనెపట్టు – ఆరోగ్యరక్షణ

ప్రకృతి మానవునికి ప్రసాదించిన ఆహారపదార్థాలలో తేనె విశిష్టమైనది. దేవునికి అభిషేకించే పంచామృతంలోనూ, ఆయుర్వేద వైద్యుడు చూర్ణంతో కలిపి ఇచ్చే అనుపానంలోనూ దానికి స్థానముంది. అయితే తేనెపట్టు ఇచ్చేది తేనె ఒక్కటే కాదు. ఈగలు మోసుకువచ్చే పుప్పొడి, రాణి ఈగకు ఆహారమైన రాయల్ జెల్లీ, చెట్ల మొగ్గల నుంచి సేకరించిన జిగురుతో తయారయ్యే ప్రోపోలిస్ కూడా తేనెటీగల సంపదలే. ఐరోపా జాతి తేనెటీగలు తమ గూటిలోని పగుళ్లను ప్రోపోలిస్‌తో పూడ్చి, సూక్ష్మజీవుల బెడదను తగ్గించుకుంటాయి. ఈ పదార్థాలు విషప్రభావం నుంచి మనిషి అవయవాలను కూడా కాపాడగలవా అన్న విషయంపై శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు.

విషం – కాలేయం

పేగులు గ్రహించిన పదార్థాలలో అధికభాగం రక్తం ద్వారా ముందుగా కాలేయాన్ని చేరుతుంది. వాటిలోని హానికర పదార్థాలను మార్చి బయటికి పంపడం కాలేయం పని. ఒక్కొక్కప్పుడు ఈ ప్రయత్నమే దానికి ముప్పు తెస్తుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనం కాలేయంలోని ఎంజైముల చర్య వల్ల మరింత తీవ్రమైన స్వేచ్ఛా రాశిగా మారి, కణాల పొరలలోని కొవ్వును ధ్వంసం చేస్తుంది. జ్వరానికి వాడే పారాసిటమాల్ నుంచి కూడా ఒక విషపదార్థం కొద్దిగా పుడుతుంది. తగిన మోతాదులో వాడినప్పుడు కాలేయంలోని గ్లూటాథయోన్ దానిని నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోయి కణాలు నశిస్తాయి.

ప్రయోగశాల చెప్పినది

తేనెలోనూ, ప్రోపోలిస్‌లోనూ ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ ఆమ్లాలు ఉన్నాయి. తన సొత్తు కొంత ఇచ్చి తగవు తీర్చే పెద్దమనిషిలా, ఇవి ఎలక్ట్రాన్లను దానం చేసి స్వేచ్ఛా రాశులను శాంతింపజేస్తాయి. వీటిని ముందుగా తినిపించి, తరువాత విషమిచ్చిన ఎలుకలలో కాలేయం, మూత్రపిండాలు తక్కువగా దెబ్బతిన్నట్లు అనేక ప్రయోగాలలో కనిపించింది.

ఈ ఫలితాలను మనిషికి అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎలుకకు దేహభారాన్నిబట్టి ఇచ్చిన మోతాదు మనిషి రోజూ తీసుకునే చెంచాడు తేనెతో సమానం కాదు. పైగా ఆ ప్రయోగాలలో చాలావాటిలో రక్షణ ముందు, విషం తరువాత. నిజజీవితంలో విషమే ముందు వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న అవయవాన్ని తేనె బాగుచేస్తుందని మనుషులలో రుజువు కాలేదు.

ఆలస్యం ప్రాణాంతకం

పారాసిటమాల్ మోతాదు మించిన వ్యక్తి మొదటి రోజు ఆరోగ్యంగానే కనిపించవచ్చు. ఆ సమయంలోనే కాలేయం నశించడం మొదలవుతుంది. దీనికి విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటలలోపు అందితే ఫలితం ఎంతో బాగుంటుంది. పొలంలో పురుగుమందు చల్లుతూ ఆర్గానోఫాస్ఫరస్ విషానికి లోనైన రైతుకు అట్రోపిన్ వంటి మందులు ఆసుపత్రిలోనే ఇవ్వగలరు. ఇంటివద్ద తేనె తాగించి వేచిచూడడం ఆ విలువైన కాలాన్ని హరిస్తుంది.

సద్వినియోగం

ఏడాది దాటిన పిల్లలకు తేనె దగ్గు నుంచి ఉపశమనమిస్తుంది. వైద్యానికై శుద్ధిచేసిన తేనె కొన్నిరకాల కాలిన గాయాలు త్వరగా మానడానికి తోడ్పడుతుంది. ఏడాది నిండని శిశువులకు మాత్రం తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు బోటులిజం అనే ప్రమాదకర వ్యాధిని కలిగించవచ్చు. తేనెలో గ్లూకోజు, ఫ్రక్టోజు అధికం కనుక మధుమేహులు చక్కెర విషయంలో పాటించే నియమాన్నే దీనికీ పాటించాలి. పుప్పొడి, రాయల్ జెల్లీ కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తాయి.

పువ్వు గుణం తేనెకూ వస్తుంది. క్రీ.పూ. 400 ప్రాంతంలో నల్లసముద్ర తీరాన జెనోఫన్ వెంట ఉన్న గ్రీకు సైనికులు అక్కడి తేనె తిని స్పృహతప్పి పడిపోయారు. అది రోడోడెండ్రాన్ పువ్వుల తేనె అని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ప్రకృతి ఇచ్చినదంతా నిరపాయమని భావించరాదు. తేనెను ఆహారంగా ఆదరించి, విషం సోకినవేళ వైద్యుని ఆశ్రయించడమే వివేకం.

అర్థాలు
అనుపానం : మందుతో కలిపి తీసుకునే పదార్థం
నిర్వీర్యం : శక్తి లేనిది
నిరపాయం : అపాయం లేనిది

ప్రశ్నలు
1. కాలేయం చేసే శుద్ధి ప్రయత్నమే దానికి ఎట్లా ముప్పు తెస్తుంది?
2. ఎలుకలపై ప్రయోగాల ఫలితాలను మనుషులకు నేరుగా ఎందుకు అన్వయించరాదు?