అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బైక్ భద్రంగా ఉండాలంటే: ముందు లాక్, తర్వాతే ట్రాకర్

"అన్నా, బైక్‌కి ఏ జీపీఎస్ ట్రాకర్ మంచిది?" ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఇదే. గ్యాడ్జెట్స్ రివ్యూ చేసేవాడిని కాబట్టి ఏదో ఒక మోడల్ పేరు చెప్తానని అనుకుంటారు. కానీ నేను ముందు ఇంకోటి అడుగుతా: "మీ బైక్‌కి హ్యాండిల్ లాక్ కాకుండా ఇంకేం లాక్ ఉంది?" చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఫోన్ పోతే మనకో దారి ఉంది. సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నంబర్ ఇస్తే ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా బ్లాక్ అవుతుంది. బైక్‌కి అలాంటి బ్లాక్ బటన్ లేదు. పార్టులుగా విప్పేస్తే టైరు ఎవరిదో చెప్పడం కష్టం. అందుకే బైక్ విషయంలో పోయాక వెతకడం కంటే పోకుండా ఆపడం మీదే ముందు ఖర్చు పెట్టాలి. ఈఎంఐ ఇంకా నడుస్తున్న బైక్ పోతే ఈఎంఐ ఆగదు, డ్యూటీకి వెళ్లే దారి మాత్రం ఆగిపోతుంది.

ఈ ఆర్టికల్‌లో లాక్, అలారం, ట్రాకర్, సీసీ కెమెరా, ఇన్సూరెన్స్.. ఒక్కోటి ఎంతవరకు పనికొస్తుందో వరసగా చూద్దాం.

మన ఊళ్లో సమస్య ఎక్కడుంది?

నేను ఉండేది మంచిర్యాలలో. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఒకటే మోడల్: కింద పిల్లర్ల మధ్య ఓపెన్ పార్కింగ్, ఒక గేటు, గేటు పక్కన వాచ్‌మెన్ రూమ్. కార్లకు నంబర్ వేసిన జాగ ఉంటుంది. బైకులు మాత్రం ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ.

దీనికి తోడు ఇది సింగరేణి ఊరు. శ్రీరాంపూర్, మందమర్రి వైపు డ్యూటీలకు వెళ్లేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. రెండో షిఫ్ట్ దిగి రాత్రి 11 దాటాక వచ్చేవాళ్లు కొందరు, మొదటి షిఫ్ట్‌కి తెల్లారకముందే బయల్దేరేవాళ్లు కొందరు. అంటే ఏ టైంలో బైక్ బయటికి పోయినా ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. హెల్మెట్ పెట్టుకుని బైక్ నెట్టుకుంటూ వెళ్తున్న మనిషిని చూస్తే "పక్కింటోళ్లు లేవకూడదని నెడుతున్నాడేమో" అనుకుంటాం.

గేటు దాటితే దారులు కూడా ఎక్కువే. ఒకవైపు గోదావరి దాటి రామగుండం, కరీంనగర్ మీదుగా హైదరాబాద్. ఇంకోవైపు బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా చంద్రాపూర్. మూడోవైపు చెన్నూరు దాటి ప్రాణహిత అవతల సిరోంచ. అర్ధరాత్రి పోయిన బైక్ తెల్లారేసరికి మహారాష్ట్రలో ఉండొచ్చు. మనం పొద్దున ఏడింటికి కిందికి దిగి చూసుకునే వరకు విషయమే తెలియదు.

దొంగకి కావాల్సినవి మూడే: తక్కువ టైం, చప్పుడు లేకపోవడం, ఎవరూ అడగకపోవడం. ఈ మూడింటినీ వరసగా పాడుచేయడమే మన పని.

1. లాక్: టైం తినేది ఇదే

కంపెనీ ఇచ్చే హ్యాండిల్ లాక్ లోపల ఉండేది చిన్న లోహపు పిన్ మాత్రమే. గట్టిగా బలం పెడితే ఎక్కువసేపు తట్టుకోలేదు. అది మామూలు వాళ్లను ఆపుతుంది, తెలిసినవాడిని కాదు. అదనపు లాక్ ఏది కొనాలన్నది మీ బైక్ బ్రేకును బట్టి ఉంటుంది.

ముందు డిస్క్ బ్రేక్ ఉంటే డిస్క్ లాక్ వాడొచ్చు. చిన్నది, సీటు కింద పడుతుంది, వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతాయి. బైక్ ముందుకు కదలదు. కానీ ఇద్దరు కలిసి ముందు చక్రం ఎత్తి మోసుకుపోతే ఇదొక్కటే ఆపలేదు. లాక్ వేసిన సంగతి మర్చిపోయి బండి తీస్తే పడిపోతారు, డిస్క్ వంగుతుంది. అందుకే హ్యాండిల్‌కి తగిలించే రంగు రిమైండర్ కేబుల్ తప్పకుండా వాడండి.

మన దగ్గర ఎక్కువగా కనిపించే 100 సీసీ బైకుల్లో చాలావాటికి రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. వాటికి డిస్క్ లాక్ పనికిరాదు. అప్పుడు గట్టిపరచిన స్టీల్ చైన్, మంచి తాళం తీసుకోండి. సైకిల్‌కి వేసే సన్న కేబుల్ లాక్ వద్దు, అది కటింగ్ ప్లయర్‌కే తెగుతుంది.

చైన్ వేసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, చైన్ వెనక చక్రం నుంచి, ఫ్రేమ్ నుంచి రెండిట్లోంచీ పోవాలి. చక్రానికి మాత్రమే వేస్తే చక్రం వదిలేసి మిగతాది పట్టుకుపోవచ్చు.

రెండు, చైన్ నేలకు ఆనకుండా బిగువుగా ఉండాలి. నేల మీద పడి ఉంటే కట్టర్‌కి, సుత్తికి నేలే సపోర్ట్ అవుతుంది.

మూడు, అన్నిటికంటే ముఖ్యం, చైన్ కదలని దేనికైనా కట్టి ఉండాలి. పార్కింగ్‌లో నేలలో లేదా గోడకు బోల్టులతో బిగించే ఇనుప కొక్కెం పెట్టించుకుంటే మోసుకుపోయే అవకాశం కూడా పోతుంది. పిల్లర్‌కి మాత్రం డ్రిల్ వేయొద్దు. అది బిల్డింగ్ బరువు మోసేది. నేల లేదా విడి గోడ చాలు, అది కూడా అసోసియేషన్‌కి చెప్పి.

పాత కార్బొరేటర్ బైకులకు పెట్రోల్ కాక్ మూసేసి పోవడం పెద్దవాళ్లు నేర్పిన చిట్కా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బైకుల్లో ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, చాలావాటికి ఆ కాక్ ఉండదు. కాబట్టి కొత్త బైక్‌కి ఆ చిట్కా మీద ఆధారపడలేం.

2. అలారం: చప్పుడు చేసేది

కదిలిస్తే మోగే డిస్క్ లాకులు ఉంటాయి. పార్కింగ్‌లో పైకప్పు ఉండటం వల్ల చప్పుడు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. కొనేముందు రెండు చూడండి: సెన్సిటివిటీ మార్చుకునే వీలుందా, బ్యాటరీ తేలిగ్గా దొరికేదేనా. ప్రతి రాత్రి పిల్లి దూకినా మోగే అలారాన్ని నాలుగో రోజుకి ఎవరూ పట్టించుకోరు. మీరే ఆఫ్ చేసేస్తారు.

3. ట్రాకర్: మూడు రకాలు, మూడూ వేరు

ఎక్కువ కన్ఫ్యూజన్ ఉన్నది ఇక్కడే.

మొదటిది, బ్లూటూత్ "కనెక్టెడ్" బైక్. యాప్‌లో "లాస్ట్ పార్క్‌డ్ లొకేషన్" కనిపిస్తుంది కాబట్టి ట్రాకర్ ఉందనుకుంటారు. చాలా మోడళ్లలో అది మీ ఫోన్ చివరిసారి బైక్ నుంచి డిస్‌కనెక్ట్ అయిన చోటు మాత్రమే. బైక్ చంద్రాపూర్‌లో ఉన్నా యాప్ మీ పార్కింగ్‌నే చూపిస్తుంది. కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లలో సొంత సిమ్, జీపీఎస్ ఉంటాయి. వాటిలో బండిని కదిలిస్తే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి. ఆ సర్వీస్‌కి సబ్‌స్క్రిప్షన్ గడువు ఉందేమో కూడా చూడండి.

రెండోది, ఎయిర్‌ట్యాగ్ లాంటి ట్యాగ్‌లు. వీటిలో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. పక్కనుంచి పోయే ఫోన్లు ఆ ట్యాగ్‌ని బ్లూటూత్‌తో గుర్తించి లొకేషన్ పంపుతాయి. ఎయిర్‌ట్యాగ్‌కి చుట్టుపక్కల ఐఫోన్లు ఉండాలి. గూగుల్ ఫైండ్ హబ్ ట్యాగ్‌లకు ఆండ్రాయిడ్ ఫోన్లు సరిపోతాయి. మన ఊళ్లో ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి అదే మేలనిపిస్తుంది. కానీ గూగుల్ నెట్‌వర్క్ డిఫాల్ట్‌గా జనం ఎక్కువ ఉన్న చోట, చాలా ఫోన్లు ఒకే ట్యాగ్‌ని గుర్తించినప్పుడే లొకేషన్ చూపిస్తుంది. ఐబీ చౌరస్తాలో దొరుకుతుంది, జన్నారం అడవి రోడ్డులో దొరకడం కష్టం.

ఇంకో మాట. ఎవరినీ రహస్యంగా వెంబడించకుండా ఈ ట్యాగ్‌లలో రక్షణ పెట్టారు. ట్యాగ్ యజమాని లేకుండా తనతో పాటు కదులుతుంటే "మీ దగ్గర తెలియని ట్రాకర్ ఉంది" అని ఫోన్ చెప్పేస్తుంది. ఆ అలర్ట్ దొంగ ఫోన్‌కి కూడా వస్తుంది. అది మనుషుల భద్రత కోసం పెట్టింది, ఉండాల్సిందే. మనం తెలుసుకోవాల్సింది ఒక్కటే: ట్యాగ్ మీద పూర్తి నమ్మకం పెట్టలేం.

మూడోది, సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్. అసలైన లైవ్ లొకేషన్ ఇదే ఇస్తుంది. 4జీ సపోర్ట్ ఉందా, రెండో ఏడాది నుంచి రీచార్జ్ ఎంత, బైక్ బ్యాటరీ వైరు తీసేసినా పనిచేసే సొంత బ్యాటరీ ఉందా.. ఈ మూడూ అడిగాకే కొనండి.

బ్యాటరీ లెక్క కూడా చూద్దాం. మీ బైక్ బ్యాటరీ 4 ఏహెచ్, ట్రాకర్ ఖాళీగా ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది అనుకుందాం. రోజుకి దాదాపు అర ఏహెచ్ పోతుంది. వారం పది రోజులు ఊరెళ్లి వస్తే బ్యాటరీ ఖాళీ. కాబట్టి స్లీప్ మోడ్‌లో ఎంత కరెంట్ తీసుకుంటుందో స్పెసిఫికేషన్లలో చూడండి. వారంటీలో ఉన్న బైక్ అయితే వైర్లు కట్ చేసే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి.

4. సీసీ కెమెరా: ఉందా అని కాదు, ఏం కనిపిస్తోంది అని అడగండి

తెలంగాణ పోలీసుల "నేను సైతం" కార్యక్రమం వల్ల కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో కెమెరాలు బాగా పెరిగాయి. కానీ కెమెరా ఉండటం వేరు, పనికొచ్చే ఫుటేజ్ ఉండటం వేరు. ఈ వారంలో ఒక రాత్రి మీ డీవీఆర్ దగ్గరికి వెళ్లి ఈ నాలుగూ చెక్ చేయండి.

నంబర్ ప్లేట్: హై సెక్యూరిటీ ప్లేట్ మీద వెలుగు పడితే వచ్చిన వైపే తిరిగి మెరుస్తుంది. రాత్రి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ కాంతి నేరుగా పడితే ప్లేట్ తెల్లగా మెరిసి అంకెలు కనబడవు. గేటు దగ్గర కెమెరాని కొంచెం పక్కకి తిప్పి, ఒక మామూలు ఎల్ఈడీ లైట్ రాత్రంతా వెలిగేలా చూడండి.

ముఖం: పైకప్పుకి బిగించిన కెమెరాలో హెల్మెట్ పైభాగం, తలలే కనిపిస్తాయి. కనీసం ఒక కెమెరా గేటు దగ్గర మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

స్టోరేజ్: ఒక ఫుల్ హెచ్‌డీ కెమెరా 2 ఎంబీపీఎస్‌తో ఆగకుండా రికార్డ్ చేస్తే రోజుకి సుమారు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86 జీబీ పైనే. అంటే 1 టీబీ హార్డ్ డిస్క్‌లో 11 రోజుల ఫుటేజే ఉంటుంది. పండక్కి ఊరెళ్లి రెండు వారాలకు వస్తే మొదటి రోజులవి చెరిగిపోతాయి. నెల రోజులు కావాలంటే 3 టీబీ దాకా పెట్టాలి.

టైం: డీవీఆర్‌లో గడియారాన్ని మీ ఫోన్‌తో పోల్చి చూడండి. అరగంట తేడా ఉంటే చౌరస్తా కెమెరాలతో పోల్చేటప్పుడు పోలీసులకు తప్పు టైం ఇచ్చినట్టే. దాంతో పాటు డీవీఆర్‌కి చిన్న యూపీఎస్ ఉండాలి. కరెంటు పోయిన పది నిమిషాలే ఆ రోజు ముఖ్యం కావొచ్చు.

5. పైసా ఖర్చు లేనివి

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబర్, బైక్ నంబర్ లిస్ట్ ఒకటి తయారు చేసి వాచ్‌మెన్‌కి ప్రింట్ ఇవ్వండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా నెట్టుకుంటూ ఎవరు పోయినా "ఏ ఫ్లాట్ సార్?" అని అడగమని చెప్పండి. అలా అడిగితే ఎవరూ కోప్పడకూడదని గ్రూపులోనే అందరూ ఒప్పుకోవాలి. రెండుసార్లు తిట్లు తిన్న వాచ్‌మెన్ మూడోసారి ఎవరినీ అడగడు. రోజంతా డ్యూటీ చేసి రాత్రి కూడా నిద్రపోకుండా కాయమని ఒక్క మనిషినే అనడం న్యాయం కాదు. అందుకే రాత్రి గేటుకు తాళం వేసి, షిఫ్ట్ వాళ్లకు ఒక్కో తాళం చెవి ఇవ్వడం మేలు.

6. ఇన్సూరెన్స్: ఈరోజే చూడండి

2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైక్‌కి 5 ఏళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాన్ని చూసి "ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉంది" అనుకుంటారు. థర్డ్ పార్టీ పాలసీ దొంగతనానికి రూపాయి ఇవ్వదు. దానికి ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి, అది చాలా పాలసీల్లో మొదటి ఏడాదికే ఉంటుంది. మీ పాలసీలో రెండు తేదీలూ విడివిడిగా ఉంటాయి, చూసుకోండి.

వచ్చే డబ్బు ఐడీవీని బట్టి ఉంటుంది. బైక్ వయసు ఏడాది నుంచి రెండేళ్ల మధ్య ఉంటే 20 శాతం, రెండు నుంచి మూడేళ్ల మధ్య 30 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తరుగు తీస్తారు. లక్ష రూపాయల బైక్ మూడో ఏడాదిలో పోతే లెక్క 70 వేల దగ్గర మొదలవుతుంది. క్లెయిమ్‌లో రెండు తాళం చెవులూ అడుగుతారు, కాబట్టి స్పేర్ కీ ఎక్కడుందో ఇప్పుడే వెతకండి.

పోతే వెంటనే చేయాల్సినవి

100 లేదా 112కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే బార్డర్ దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, అది ఉచితం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి, లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్లకి చెప్పండి. ఫుటేజ్ కాపీ వెంటనే పెన్‌డ్రైవ్‌లో తీయండి. ట్రాకర్ లొకేషన్ చూపిస్తుంటే స్క్రీన్‌షాట్లు పోలీసులకు ఇవ్వండి. దోస్తులను వెంటేసుకుని మీరే వెళ్లొద్దు. అవతల ఎంతమంది ఉన్నారో మ్యాప్ చెప్పదు.

ఫైనల్‌గా నా సలహా

డబ్బు తక్కువ ఉంటే ఈ వరసలో ఖర్చు పెట్టండి: మొదట చైన్ లేదా డిస్క్ లాక్, తర్వాత ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్, ఆ తర్వాత నేలకు కొక్కెం, అలారం. ఇవన్నీ అయ్యాక మిగిలితే జీపీఎస్ ట్రాకర్. ట్రాకర్ మంచి గ్యాడ్జెటే. కానీ అది పని మొదలుపెట్టేది బైక్ గేటు దాటాక. లాక్ మాత్రం గేటు లోపలే పని చేస్తుంది.